గిర్ని ముందటి బల్ల

మొన్న ఆదివారం జొన్నపిండి ప్యాకెట్టు ఒకటి ఫోనులో ఆర్డరు పెట్టి తెప్పించుకున్నాను. తెచ్చిచ్చిన మనిషి లిఫ్టు దిగాడో లేదో ఫోను టింగుమని, మా సేవ మీకెలా అనిపించింది, అయిదు నక్షత్రాల్లో ఎన్నిస్తారు అని అడిగింది. పొయ్యి మీది పాలను ఒక కంట కనిపెడుతూ అలవాటు కొద్దీ అయిదూ నొక్కేశాను. తీరా కత్తిరించి చూస్తే ఆ పిండి ఎప్పుడు పట్టించిందో ఏమో, వేళ్లకు జిగి తగలదు, ముక్కు దగ్గరికి తెస్తే ముక్కిన వాసన. మరిగే నీళ్లు పోసి ఎంత పిసికినా రొట్టె చేతిలో నిలవక పెనం మీద పడేసరికి ముక్కలు ముక్కలైంది. ఆ ముక్కలనే పాలలో వేసుకుని తింటూ, చూడకుండానే అయిదు నక్షత్రాలు ఇచ్చిన నా తెలివికి నేనే నవ్వుకున్నాను. నవ్వుతుండగానే ఇరవై ఏళ్ల నాటి గద్వాల వీధి ఒకటి, అందులో మా మేనత్త పిండి గిర్ని, నేను కాగితం పట్టుకుని ఏమడిగినా "మంచిగనే ఉంది బిడ్డా" అని చెప్పి పంపిన ఆడవాళ్ల మొహాలు వరసగా కళ్ల ముందుకొచ్చాయి. వాళ్ల మీద ఆనాడు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఇన్నేళ్లకు నేనూ వాళ్లలో ఒకదాన్నైపోయాను.

మన ఈడువాళ్లకు గిర్ని అంటే ఏమిటో నేను చెప్పాలా? మోటారుకు తగిలించిన పట్టా తిరిగే టపటప చప్పుడు వీధి మొగలోనే వినిపించేది. పై తొట్టిలో పోసిన జొన్నలు రాళ్ల మధ్య నలిగి, కింద కట్టిన గుడ్డ గొట్టంలోంచి పిండై దిగేవి. గిర్నిలో పనిచేసేవాళ్ల కనుబొమలు, రెప్పలు తెల్లబడి, పడుచువాళ్లు కూడా పెద్దవాళ్లలా కనిపించేవారు. అప్పుడే పట్టిన పిండి డబ్బాను నడుమున పెట్టుకుని ఇంటికి నడుస్తుంటే దాని వేడి బట్టల్లోంచి తగిలేది. చలికాలంలో ఆ వేడి కోసమే డబ్బా నేను మోస్తానంటే నేను మోస్తానని మా చెల్లెలితో కొట్లాడేదాన్ని. ఇప్పుడు పిండి చల్లగా, గాలి చొరని సంచిలో, ఎవరు పట్టారో తెలియకుండా వస్తుంది.

మా మేనత్త అంటే మా నాయనకు సొంత అక్క. గద్వాలలో కాపురానికి వెళ్లిన కొన్నేళ్లకే మామయ్య పోయాడు. పిల్లలు లేరు. ఆయన పెట్టిన గిర్నిని అమ్మేసి పుట్టింటికి వచ్చేయమని పెద్దలందరూ కూర్చుని చెబితే, విని, చాయ్ తాగించి పంపి, మర్నాడు పొద్దున్నే కొంగు నడుముకు బిగించి తానే మోటారు వేసిందట. అప్పటినుంచి రాళ్లు అరిగితే మనిషిని పిలిపించి గాట్లు కొట్టించడం, పట్టా తెగితే తెప్పించడం, గిరాకితో మాటకు మాట అనడం అన్నీ ఆమే. నోరు కాస్త పెద్దదే, ఒప్పుకోవాలి. "ఒకరింట్ల కూసొని తినేదాన్ని గాదు నేను" అన్నది ఆమెకు ఊతపదంలా ఉండేది, ఎవరూ రమ్మనకపోయినా అనేది.

నేను చెబుతున్న రోజులకు వచ్చేసరికి ఆ గిర్నికి గిరాకి పడిపోయింది. రోజంతా తిరిగే మోటారు పూటకు కాసేపు తిరిగి ఆగిపోయేది. ఆ గదిని సెల్‌ఫోన్ల దుకాణానికి అద్దెకిమ్మని ఒకతను వచ్చి అడిగి వెళ్లాడు. మా నాయన ఆ మాట పట్టుకుని, వయసు మీద పడుతోంది, ఆ అద్దె తీసుకుని హాయిగా వనపర్తికి మా ఇంటికి వచ్చేయమని బతిమాలాడు. ఆయన అన్నది ప్రేమతోనే, అందులో సందేహం లేదు. కానీ ఆ ప్రేమే మా అత్తకు గుండెల మీద బండ. చివరికి ఒక మాట ఇచ్చింది: ఉగాది దాకా చూస్తుందట, అప్పటికీ గిరాకి తిరిగి రాకపోతే తాళంచెవి తమ్ముడి చేతిలో పెడుతుందట. ఆ మాట అన్న రోజు ఆమె అన్నం సరిగా తినలేదు.

అప్పటికి నేను ముప్పై అయిదు దాటి, ఇద్దరు పిల్లలు బడికి పోతుండగా, వనపర్తిలో కొత్తగా పెట్టిన ఒక కాలేజీలో ఎంబీఏ చదువుతున్నాను. ఆ వయసులో చదువేమిటని నవ్వినవాళ్లున్నారు, పిల్లలను చూసుకుంటాను పొమ్మన్న మా ఆయన తల్లీ ఉన్నారు. ఆమెకు నా దండం ఎప్పుడూ ఉంటుంది. తరగతిలో అందరూ నన్ను అక్కా అనేవారు. చివరి ఏడాది ప్రాజెక్టుకు, ఏదైనా ఒక వ్యాపారంలో నిజంగా ఉన్న సమస్యను తీసుకుని, దాన్ని ఏ పద్ధతిలో శోధిస్తే నిజం బయటపడుతుందో పోల్చి చూసి, అధ్యయనం రూపొందించి నడపాలన్నారు. తోటివాళ్లు సిమెంటు కంపెనీలు, బైకుల షోరూములు ఎంచుకున్నారు. నేను పిండి గిర్ని అనగానే తరగతంతా గొల్లుమంది. పరిశోధన పద్ధతులు చెప్పే మా సారు మాత్రం నవ్వలేదు. ఆయనది నాగర్‌కర్నూలు, రోజూ బస్సులో వచ్చిపోయేవారు, చొక్కా జేబులో రెండు పెన్నులు, చేతిలో గొడుగు. ఉగాది లోపల తేలాలని చెబితే, అయితే మీ అత్తకు పనికొచ్చేదే చేద్దాం, మార్కుల సంగతి తర్వాత అన్నారు.

మొదట ఆయన నన్ను అడిగింది, ఎవరెవరు ఏ కారణం చెబుతున్నారని. నాయన లెక్కలో, రేషను బియ్యం తినమరిగాక జొన్నరొట్టె తినేవాళ్లే లేరు. అత్త లెక్కలో, కరెంటు కోతల వల్ల జనం గంటలు గంటలు నిలబడలేక విసిగిపోతున్నారు. ఆమె ఊరికే అనుకోలేదు పాపం, గిర్నికి వచ్చిన ఒక్కొక్కరినీ స్వయంగా అడిగింది. అందరూ ఒకే మాట చెప్పారట, "లైన్ల నిలవడలేక సస్తున్నం" అని. అందుకని ఆమె అప్పటికే పెద్ద మార్పు చేసి ఉంది: డబ్బా మీద పేరు రాసిన చీటీ అంటించి వదిలేసి పోవచ్చు, సాయంత్రం వచ్చి పిండి పట్టుకుపోవచ్చు. ఇక ఎవరూ కూర్చోనక్కర్లేదు గనుక గిర్ని ముందు మామయ్య వేయించిన పాత టేకు బల్లను తీసి పెరట్లో పడేసి, ఆ చోటు డబ్బాలు పెట్టడానికి వాడుకుంది. అంత చేసినా, అప్పటికి కాస్తే తగ్గిన గిరాకి పెరగకపోగా పూర్తిగా పడిపోయిందంటే, కరెంటోళ్లనూ కాలాన్నీ కలిపి తిట్టేది.

నేను పుస్తకంలో చెప్పినట్టు ప్రశ్నల కాగితం తయారుచేశాను. పిండి మెత్తగా పడుతోందా, ధర ఎలా ఉంది, చీటీ పద్ధతి బాగుందా, చాలా బాగుంది బాగుంది పరవాలేదు బాగోలేదు అని గళ్లు. సెలవు దొరికినప్పుడల్లా పెబ్బేరు మీదుగా కృష్ణ దాటి గద్వాలకు వెళ్లడం, ఇంటింటికీ తిరగడం. ప్రతి ఇంట్లో చాప వేసేవారు, నీళ్లిచ్చేవారు, మీ నాయన బాగున్నాడా అని అడిగేవారు, అన్ని గళ్లలోనూ బాగుంది అని పెట్టించేవారు. అన్నీ అంత బాగుంటే మీరెందుకు రావడం లేదమ్మా అని అడగడానికి కాగితంలో గడి లేదు, నాకు నోరూ రాలేదు. ఇంటికి వచ్చిన మనిషితో, అందులోనూ గిర్నామె మేనకోడలితో, మీది బాగోలేదని మొహం మీద చెప్పే అలవాటు మన దగ్గర ఎక్కడుంది! ఆ కాగితాల కట్ట మోసుకుని తిరుగు బస్సులో కూర్చుంటే ఏడుపొచ్చింది.

ఒక ఆదివారం ఆ కట్టతో నాగర్‌కర్నూలులో సారు ఇంటికి వెళ్లాను. సారు కాగితాలు తిరగేస్తుంటే ఆయన భార్య నాకు కడుపు నిండా అన్నం పెట్టి, చదువుకునే ఆడపిల్ల ఖాళీ చేతులతో పోకూడదని రవిక గుడ్డ కూడా పెట్టింది. కాగితం ముందు మనుషులు మర్యాదగా మారిపోతారు, పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడించి చూడు అన్నారు సారు. సరేనని అత్త ఇంటి ముందు చాపలు పరిచి, మిరపకాయ బజ్జీలు వేయించి, ఆడవాళ్లను పిలిచాను. పెళ్లికి కట్టే చీరలు కట్టుకుని వచ్చారు అందరూ. వచ్చినవాళ్లలో రిటైరైన హెడ్మాస్టరు గారి భార్య ఉండటంతో ఆమె ఒక్కతే జొన్నరొట్టె ఆరోగ్యానికి ఎంత మేలో చాలాసేపు చెప్పింది, మిగతావాళ్లు తలలూపి, బజ్జీలు బాగున్నాయని మెచ్చుకుని వెళ్లారు. ఈ సంగతి చెబితే సారు కళ్లజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వి, ఆ సలహా నాదే కదమ్మా, నా మార్కులు కోసెయ్యి అన్నారు. తెలియనిది తెలియదని విద్యార్థి ముందు అంత తేలిగ్గా చెప్పగలిగిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ నవ్వు తర్వాత ఆయన చెప్పిన మాటే నా చదువంతటికీ మూలం. ఏది నిజమో తేల్చడానికి పరుగెత్తకు, ఏది అబద్ధమో తేల్చగల చోటు ఎక్కడుందో వెతుకు అన్నారు. జొన్నలు తినేవాళ్లు లేకపోతే ఊళ్లో అన్ని గిర్నీలూ ఖాళీగా ఉండాలి. కరెంటే కారణమైతే అదే కరెంటు లైను మీదున్న ఊళ్లోని రెండో గిర్ని కూడా బోసిపోవాలి. ఇంత చిన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే ఆ రెండో గిర్ని గుమ్మం తొక్కడం మా అత్త దృష్టిలో పగవాడి పంచన చేరడంతో సమానం.

రెండు వీధుల అవతల ఉన్న ఆ గిర్నికి నేను అత్తకు చెప్పకుండానే జొన్నల డబ్బా పట్టుకుని వెళ్లాను. వెళ్లేసరికి కరెంటు లేదు. అయినా గోడ వారన, అరుగు మీద, చెట్టు నీడలో ఎంతమంది ఆడవాళ్లో! ధరూరు వైపు పల్లెల నుంచి ఆటోల్లో వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. నాయన చెప్పిన కారణం, అత్త చెప్పిన కారణం రెండూ ఆ గుమ్మంలోనే రాలిపోయాయి. గిర్ని ఆయన పెద్దవాడు, నన్ను గుర్తుపట్టి, మీ అత్త మోటారు గిట్ల కాలిందా బిడ్డా అని కంగారుగా అడిగాడు. దాచడం ఇష్టం లేక ఉన్నది ఉన్నట్టు చెప్పాను, మీ గిరాకిని చూసి నేర్చుకోవడానికి వచ్చానని. పొమ్మంటాడనుకున్నాను. ఆయన ఒక గోనెసంచి దులిపి పరిచి, "కూసో, జూడు. ఆమె గిర్ని నడిస్తెనే నాకు గూడ జర ఊపిరాడుతది, ఊరంత నా నెత్తినవడ్డది" అన్నాడు. ఇప్పుడు పోటీ అనే మాట వింటే నాకు ఆ గోనెసంచి గుర్తొస్తుంది.

కాగితం లేకుండా, ఏమీ అడగకుండా, వెళ్లినప్పుడల్లా ఆ సంచి మీద కూర్చున్నాను. ఎవరి డబ్బా తొట్టిలోకి పోతుంటే వాళ్లు లేచి వెళ్లి పక్కన నిలబడేవారు. పడుతున్న పిండిని అరచేతిలోకి తీసుకుని బొటనవేలితో రుద్ది చూసేవారు, మెత్తగా పడేలా రాళ్లు ఇంకొంచెం బిగించమనేవారు. మళ్లీ వచ్చి కూర్చునేవారు. కొందరు పిండి పట్టడం అయిపోయినా కూర్చునే ఉండేవారు. తలలో పేలు చూసుకునేవారు, కూతుళ్ల కాన్పుల సంగతులు చెప్పుకునేవారు, కొందరైతే ఏమీ మాట్లాడకుండా గోడకు ఆనుకుని కళ్లు మూసుకునేవారు. అరుగు మీదెవరు, నేల మీదెవరు అన్న పాత కులం లెక్కలు అక్కడా ఉండేవి, అంతా తియ్యగా ఉండేదని అబద్ధం చెప్పను. కానీ ఎవరూ లేవమనని చోటు అది.

అంతకుముందు మా అత్త దగ్గరికే వచ్చే ఒక కోడలు పిల్ల నా పక్కనే కూర్చునేది. కొన్ని మధ్యాహ్నాలు గడిచాక ఆమే నోరు విప్పింది. మన జొన్నలు మన కళ్ల ముందే పడాలి కదా, చీటీ అంటించి పోతే ఎవరివి ఎవరికి వస్తాయో అంది మొదట. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. "ఇంట్ల కూసుంటె ఏం జేస్తున్నవ్ అంటరు అక్కా. గీడ కూసుంటె పిండి కోసం కూసున్నది అంటరు. గంతే." మరి మా అత్త అడిగినప్పుడు లైనులో నిలబడలేక చస్తున్నామని ఎందుకు చెప్పారని అడిగాను. ఆమె నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసి నవ్వింది. "గట్లనకపోతె ఎట్ల? ఇంటికి పోయి గూడ గదే జెప్తం. లేకుంటె రేపటి సంది డబ్బ ఇచ్చి మా మామను తోలుతరు."

రోజూ ఇంట్లో చెప్పి చెప్పి అలవాటైన ఫిర్యాదునే వాళ్లు మా అత్తకూ చెప్పారు. అత్త దాన్ని అక్షరాలా నమ్మి, వాళ్ల కష్టం తీర్చాలని మనసారా అనుకుని, వాళ్లకు రోజు మొత్తం మీద దొరికే ఆ కాస్త విశ్రాంతినీ బల్లతో సహా ఎత్తి పెరట్లో పడేసింది. వాళ్లు చెప్పింది అబద్ధం అనడానికీ నాకు మనసొప్పదు. ఏ చెవిలో ఏ మాట వేస్తే బతుకు సాగుతుందో ఆ మాట వేశారు.

అత్తకు చెబితే ముందు మండిపడింది. "అంటె నేను పిండి పడ్తలేనా, ముచ్చట్లు అమ్ముతున్ననా?" అని రోజంతా సణిగింది. మర్నాడు మాత్రం బల్లను పెరట్లోంచి తెచ్చి కడిగి ముందు వేయించింది, చీటీలు చింపేసింది. ఆ వారం, మొదట ఆ కోడలు పిల్ల, ఆమె వెంట మరికొందరు, మెల్లగా డబ్బాలు రావడం మొదలైంది. నేను సంతోషంతో సారుకు ఫోను చేస్తే ఆయన సంతోషించి, వెంటనే ఇంకో మాట అన్నారు: ఉగాది దగ్గర పడుతోంది కదా, పండుగ ముందు ఎలాగూ అందరూ పిండి పట్టించుకుంటారు, వచ్చింది పండుగకో బల్లకో ఎలా తెలుస్తుంది? ఒక వారం బల్ల తీసి చీటీలు పెట్టండి, మళ్లీ ఒక వారం బల్ల వేయండి, అప్పుడు తేలుతుంది.

ఈ మాట అత్తతో ఎలా చెప్పాలో తెలియక రెండు పూటలు ఆమె చుట్టూ తిరిగాను. ఇప్పుడిప్పుడే తిరిగి వస్తున్న గిరాకిని చేతులారా పొమ్మనడం అది. గడువు ఆమె మెడ మీద ఉంది. చెప్పగానే, నీ సదువు నీ దగ్గర్నే పెట్టుకో అంటూ చీపురు తీసుకుని గిర్ని ఊడ్చింది. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది. తర్వాత చీపురు మూలన పెట్టి, అది చేస్తేనే నీ పరీక్ష పాసవుతవా అని అడిగింది. పరీక్ష కోసం కాదు అత్తా, నీకు కూడా నిజం తెలియాలి కదా అన్నాను. ఆమె బల్లకు ఒక పక్క చెయ్యి వేసి, రెండో పక్క పట్టుకోమన్నట్టు నా వైపు చూసింది. ఇద్దరం కలిసి దాన్ని మళ్లీ పెరట్లోకి మోశాం.

ఆ వారం గిర్ని మళ్లీ బోసిపోయింది. పండుగ ముంచుకొస్తున్నా, పక్క గిర్ని కిటకిటలాడుతున్నా, మా అత్త ఆగిన మోటారు పక్కన, చీటీల డబ్బాలు నాలుగు ముందు పెట్టుకుని, వీధిలోకి చూస్తూ కూర్చుంది. అటుగా పోయే ఆడవాళ్లను పిలిచి, బల్ల వేస్తాను రండి అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. నాతో కలిసి బల్ల మోసిందంటే మాట ఇచ్చినట్టే కదా అని అనలేదు. నేను డబ్బాలు లెక్కపెట్టే నెపంతో పక్కన కూర్చుని ఆమె మొహం వైపు చూడలేకపోయాను. ఏ యూనివర్సిటీ అయినా, ఏ పెద్ద సంస్థ అయినా నా చదువు కోసం అంత ఇచ్చి ఉంటుందా అని ఈనాటికీ అనుకుంటాను. వారం తిరగగానే బల్ల ముందుకొచ్చింది, బల్ల వెనకే జనం వచ్చారు, పట్టా చప్పుడు వీధి మొగ దాకా వినబడింది. ఉగాది నాడు నాయన గద్వాలకు వచ్చి, గిర్ని ముందు కూర్చోవడానికి చోటు లేక నిలబడి, పచ్చడి తిని, తాళంచెవి మాట ఎత్తకుండానే వెళ్లిపోయాడు.

ప్రాజెక్టు పరీక్షకు బయటి నుంచి వచ్చిన ఆయన నన్ను ఒకే ఒక్క ప్రశ్న గట్టిగా అడిగాడు, బల్ల వల్లనే అని ఎలా చెప్పగలవు, పండుగ వల్ల కాదా అని. నేను ఆ ఖాళీ వారం గురించి చెప్పాను. ఆ వారం డబ్బాల లెక్క రాసిన కాగితం ఆయన ముందు పెట్టాను. ఆ తర్వాత నేనూ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరి, ఇరవై ఏళ్లుగా పిల్లలకు అదే చెబుతున్నాను, మరో ఏడాదిలో ఉద్యోగం ముగుస్తుంది. సారు ఇప్పుడు లేరు.

మా అత్త ఆ గిర్నిని ఇంకా చాలా ఏళ్లు నడిపింది. రొట్టె తినేవాళ్లు నిజంగానే తగ్గి, ప్యాకెట్ల పిండి వచ్చి, వచ్చే ఆడవాళ్లు కూడా సెల్‌ఫోను చూసుకుంటూ నిలబడి పోయే రోజులు వచ్చాక, ఒకనాడు తనంతట తానే మోటారు ఆపేసింది. మీ నాయన జెప్పింది ఇప్పుడు నిజమైంది, అప్పుడు కాదు అని నాకు ఫోను చేసి చెప్పింది. ఎవరింటికీ పోలేదు. ఆ గది అద్దె మీద, తన ఇంట్లో, తన పొయ్యి మీద వండుకుని తిని, అక్కడే కన్నుమూసింది. పోయే ముందు ఏడాది ఒక లారీలో బల్లను నా దగ్గరికి పంపించింది.

ఇప్పుడది మా బాల్కనీలో ఉంది. ఫోను అడిగే నక్షత్రాలకు జవాబు ఇచ్చేవాళ్లు లక్షల్లో ఉంటారు, ఆ జవాబులన్నీ ఎక్కడికో పోయి లెక్కల్లో కలుస్తాయి, గోనెసంచి దులిపి కూర్చుని చూసేవాళ్లు మాత్రం ఎవరూ రారు. ఆ ముక్కిన పిండికి ఇచ్చిన నక్షత్రాలు నిన్న వెనక్కి తీసుకుందామని చూస్తే ఎలాగో తెలియలేదు. ఫోను పక్కన పెట్టి వెళ్లి బల్ల మీద కూర్చున్నాను. గద్వాలలో దాని మీద నలుగురు ఆడవాళ్లు భుజాలు తగిలేలా ఇరుక్కుని కూర్చునేవారు. నేను ఎప్పటిలాగే ఒక చివరకు జరిగి కూర్చున్నాను.